మీ అక్కతో చెప్పు

పొద్దున లేస్తూనే ఆవిడ చూసేది కొడుకు మొహం కాదు, కొడుకు పాదాలు. దుప్పటి అంచు పైకెత్తి అరికాళ్ళు, వేళ్ళ సందులు, మడమల పగుళ్ళు అన్నీ వేలితో తడిమి, పుండేమీ లేదని తేల్చుకున్నాకే ఊపిరి పీల్చుకునేది. షుగరున్నవాడి కాలికి చిన్న గాటు పడితే అది ఎంతదాకా పోతుందో ఆసుపత్రి వరండాలో కూర్చున్న ప్రతివాళ్ళూ ఆవిడకి చెప్పారు. వాళ్ళు చెప్పకుండా వదిలేసినవి ఆవిడే ఊహించుకుంది. గాటు, చీము, కాలు తీసేయడం, చక్రాల కుర్చీ, ఆ కుర్చీ మెట్ల మీంచి దొర్లిపోవడం. మంచం దిగేలోపే ఆవిడ మనసు ఇంత దూరమూ వెళ్ళి వచ్చేది.

కొడుకు ముప్పై ఎప్పుడో దాటేశాడు. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. అయినా ఆ ఇంట్లో అతను చిన్నోడే. ఒకప్పుడు ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసేవాడు. ఆ పనిలో ఉండగానే, విప్పిన ఇస్త్రీపెట్టెలోంచి ఎవరో తనని పేరుపెట్టి తిడుతున్నారని మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ మందులే. మనసు జబ్బుకి వేసిన మందు ఒళ్ళు పెంచింది, పెరిగిన ఒళ్ళు షుగరుని తెచ్చిపెట్టింది. ఇప్పుడు రెండూ అతని ఒంట్లో కాపురమున్నాయి.

షుగరుకి సూది వేయించుకోవడానికి అతనెప్పుడూ పేచీ పెట్టలేదు. చొక్కా పైకెత్తి పొట్ట చూపించేవాడు. "ఇది కనిపించే మందు, ఫర్వాలేదు" అనేవాడు. మాత్రలతోనే వచ్చింది తంటా. నాలిక కింద దాచుకుని, వెళ్ళి తూములో ఉమ్మేసేవాడు. అది చూసిన రోజున ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక లాభం లేదని మర్నాటి నుంచి మాత్రని రెండు చెంచాల మధ్య నూరి, చక్కెర లేని కాఫీలో కలపడం మొదలుపెట్టింది. చేదులో చేదు కలిసిపోయేది.

అతను గ్లాసు పట్టుకుని తల్లి కళ్ళలోకి చూసేవాడు. "ఏం కలిపావు?"

"ఏం కలుపుతాన్రా? నీళ్ళూ, పొడీ."

"ఒట్టెయ్యి."

"నా మీద ఒట్టు."

కొడుకు మీద మాత్రం ఎప్పుడూ వేసేది కాదు, తన మీదే. అందుకే తన మోకాళ్ళు నొప్పులతో ఇలా తయారయ్యాయని లోపల్లోపల ఆవిడ నమ్మకం.

ఇంటి ముందు వాటాలో కూతురూ అల్లుడూ ఉండేవారు, వెనక రెండు గదుల్లో తల్లీ కొడుకూ. మధ్యలో ఉన్న వంటగది అందరిదీ. కూతురు బస్సు డిపోలో టిక్కెట్ల కౌంటరు దగ్గర పనిచేసేది. రోజంతా జనం మీద అరిచి అరిచి, ఇంటికొచ్చాక గొంతు తగ్గించడం మర్చిపోయిన మనిషి. తల్లి ఇంట్లోనే కూర్చుని, యూనిఫారాలు కుట్టే దుకాణం వాళ్ళు పంపిన చొక్కాలకి కాజాలు కుట్టేది. కుట్టడం అయ్యాక సూదులన్నీ డబ్బాలో, డబ్బా బీరువాలో, బీరువా తాళం జాకెట్టులో. గదుల తలుపులకున్న గడియలన్నీ ఆవిడే ఊడబీకించేసింది. లోపల గడియ పెట్టుకుని కొడుకు ఏమైనా చేసుకుంటే? స్నానాల గదికి కూడా గడియ లేకపోవడంతో అల్లుడు లోపలున్నంతసేపూ గట్టిగా దగ్గుతూనే ఉండేవాడు.

తల్లికీ కూతురికీ మాటలు లేవు. ఊరి చివర ఎక్కడో ఇలాంటివాళ్ళని ఉంచుకునే హోం ఉందనీ, నర్సులుంటారనీ, తోట కూడా ఉందనీ ఒకరోజు కూతురు మాట ఎత్తింది.

"మనం చూసుకోలేం. నీకూ ఒంట్లో బాగుండదు. రేపు నీకేమైనా అయితే?"

"నాకేమైనా అవ్వాలనే కదా నువ్వు కూర్చున్నది! వెళ్ళు, ముందు నువ్వెళ్ళి ఆ తోటలో పడుండు!"

ఆ పూటతో సరి. తర్వాత ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడలేదు. కానీ ఒకే వంటగదిలో మాట్లాడకుండా ఎలా గడుస్తుంది? అందుకని చిన్నోడి మీదుగా మాట్లాడుకునేవారు.

"చిన్నోడా, మీ అక్కతో చెప్పు. పొయ్యి కట్టెయ్యకుండా వెళ్ళిపోతే ఇల్లు అంటుకుంటుందని."

అక్క అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో జడ వేసుకుంటూ ఉంటుంది. చిన్నోడు బల్ల దగ్గర్నుంచి తలతిప్పి, ఎంతో బాధ్యతగా, "అక్కా, ఇల్లు అంటుకుంటుందట" అనేవాడు.

"మీ అమ్మకి చెప్పు, నేను పొయ్యి ముట్టుకోనే లేదని. ఆవిడే పాలు పెట్టేసి, కిటికీ దగ్గర నిలబడి రాబోయే కష్టాలన్నిటికీ ముందుగానే ఏడుస్తోందని."

"అమ్మా, నువ్వు ఏడుస్తున్నావట."

"అప్పుడే పోస్టాఫీసు తెరిచేశారా?" అని పేపరు వెనకనుంచి అల్లుడు.

చిన్నోడికి మాత్రం ఆ పని నచ్చింది. ఇస్త్రీపెట్టెలు పోయాక అతనికి మిగిలిన ఉద్యోగం అదొక్కటే. తిట్లని కాస్త కత్తిరించి, మాటల్ని మటుకు జాగ్రత్తగా అందించేవాడు. అలా ఇంటి విషయాలన్నీ అతని మీదుగానే పోయేవి, అతని మీదుగా పంపడానికి వీల్లేనిది తప్ప.

వానలు పట్టిన రోజుల్లో అతని నడక మారింది. నడుంలోతు నీళ్ళలో నడుస్తున్నట్టు కాళ్ళీడ్చేవాడు. నోటి చివర తడి. మాట ముద్దగా వచ్చేది. బల్ల దగ్గర కూర్చుంటే కూర్చున్నట్టే కునికేవాడు. పక్షవాతమంది తల్లి మనసు. కాదు, మూత్రపిండాలు పోయాయంది. అదీ కాదు, తలలో గడ్డ అంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని చెప్పులేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయేది. తీసుకెళ్తే చేర్పించమంటారు. చేర్పిస్తే అట్నుంచటే హోంకి పంపించేస్తారు, కూతురు సంతకం పెట్టేస్తుంది. చీకట్లో పడుకున్నా వెలుగులో కూర్చున్నా ఆవిడ కళ్ళ ముందు ఒకటే కనిపించేది. పెద్ద గది, వరస మంచాలు, అందులో తన కొడుకు పాదాలు. దుప్పటెత్తి చూసే దిక్కుండదు.

"చిన్నోడా, మీ అక్కతో చెప్పు. నువ్వు ఇలా అయిపోతుంటే ఆవిడ కడుపు చల్లగా ఉందేమోనని."

"అక్కా," అని, మిగతాది నోట్లోనే ఉండిపోయి, చిన్నోడు కళ్ళు మూసుకున్నాడు.

"మీ అమ్మకి చెప్పు," కూతురి గొంతు వంటగది దాటి వీధిలోకి వెళ్ళింది. "వెయ్యాల్సింది వేళకి వేస్తే నువ్విలా అవ్వవని! అప్పుడూ ఇంతేగా, ఎవరి చలవో!"

ఆ 'అప్పుడు' ఏమిటో తల్లికి తెలుసు. ఒకసారి, మందువల్ల కొడుకు చేతులు వణుకుతున్నాయని జాలిపడి, మాత్రలు తనంతట తనే ఆపేసింది. చిన్నోడు చెప్పులు లేకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. గూడ్సు బళ్ళ యార్డులో, పాదాలు చీరుకుపోయి దొరికాడు. అది కూతురు మర్చిపోలేదు, మర్చిపోనివ్వలేదు.

పైగా ఈ మధ్య కూతురికి తమ్ముడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. సాయంత్రం డిపో నుంచి రాగానే చెయ్యి కూడా కడుక్కోకుండా తనే పాలు కాచి, తనే గ్లాసు పట్టుకెళ్ళి, పక్కన కూర్చుని తాగించేది. తల్లి కాజాలు కుట్టుకుంటూ కంటి చివర్నుంచి చూసి పళ్ళు నూరుకునేది. ఎందుకో నాకు తెలీదా? పంపించేసేముందు మంచి చేసుకోవడం. రేపు బండెక్కమంటే అక్కే కదా అని ఎక్కేస్తాడు.

వాడు మరీ మందగిస్తుంటే జబ్బే ముదురుతోందనుకుంది తల్లి. మందు చాలట్లేదనుకుంది. చెంచాల మధ్య మాత్ర పక్కన ఇంకో సగం చేరింది. ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు.

కూతురికి సెలవున్న రోజు అది. పొద్దున ఎప్పటిలాగే చిన్నోడు చొక్కా ఎత్తాడు, తల్లి పొట్టలో సూది వేసింది. సూది పడ్డాక కాసేపట్లో అతను తినాలి. తినకపోతే ఒంట్లో చక్కెర దిగిపోయి, చెమటలు పట్టి, తెలివి తప్పుతుంది. అది కూడా ఆ ఆసుపత్రి వరండాలోనే నేర్చుకుంది. రొట్టె, కాఫీ తెచ్చి ముందు పెట్టింది. అతను గ్లాసెత్తాడు. పెదాల దాకా వచ్చాక అతని మెడ ఒక పక్కకి మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఎవరో చెవి పట్టుకుని మెలిపెడుతున్నట్టు తిరిగి, భుజం మీదకొచ్చి అక్కడే బిగుసుకుపోయింది. గ్లాసు జారి బల్లంతా కాఫీ.

"నా మెడ తిప్పేస్తున్నారు," అన్నాడు పైకప్పు వైపు చూస్తూ. "ఏం పెడుతున్నారు నాకు? నాకేం పెడుతున్నారు?"

"ఏం లేదురా, నాన్నా, ఏం లేదు..."

అతను లేచి, గోడ పట్టుకుంటూ గదిలోకి పోయి, తలుపు మూసి, దాని వెనకాలే కూలబడ్డాడు. గడియ లేకపోతేనేం, అంత మనిషి ఆనుకుని కూర్చున్నాడు. తల్లి నెడితే తలుపు వేలెడు కూడా కదల్లేదు. రొట్టె తలుపు కింద సందులోంచి లోపలికి తోసింది. రొట్టె తిరిగి బయటికొచ్చింది.

"నువ్వు తిను," అన్నాడు లోపల్నుంచి.

చప్పుడు విని కూతురూ అల్లుడూ వచ్చారు.

"చిన్నోడా," అని తలుపుతో అంది తల్లి. "మీ అక్కతో చెప్పు. సూది వేసేశాను, నువ్వేమీ తినలేదు, ఆవిడ శాపాలు తగిలాయని చెప్పు..."

మాట అందించే మనిషి లేక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు కూతురికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా శాపాలా? నావా? వాడికి మందు వెయ్యకుండా ఎండగట్టింది నువ్వు కాదూ? మళ్ళీ ఆపేశావు కదూ? చెప్పు!"

"ఎవరే ఆపింది? రోజూ వేస్తున్నా! ఈ చేతుల్తో నూరి కాఫీలో కలుపుతున్నా! చాలట్లేదని ఇంకో సగం కూడా..."

"ఇంకో సగమా?"

"మరేం చెయ్యను? నువ్వు చూస్తూ ఊరుకున్నట్టు ఊరుకోనా?"

"నేనెప్పుడు ఊరుకున్నానే!" కూతురి గొంతు ఒక్కసారిగా కిందికి దిగింది. ఎన్నాళ్ళకో దిగింది. "నువ్వు వెయ్యట్లేదనుకుని డాక్టర్ని అడిగి చుక్కల మందు తెచ్చాను. రోజూ సాయంత్రం పాలలో వేస్తున్నాను."

అల్లుడు ఏదో హాస్యమాడబోయి, అత్తగారి మొహం చూసి నోరు మూసుకున్నాడు.

తలుపు వెనకాల చిన్నోడు నవ్వాడు. నాలిక మందంగా ఉండటంతో ఆ నవ్వు పుక్కిలించినట్టు వచ్చింది. "ఇద్దరూనా?" అన్నాడు. "ఇద్దరూ కలుపుతున్నారన్నమాట. నాకు పిచ్చి లేదన్నమాట."

"తలుపు బద్దలుకొట్టేద్దాం," అన్నాడు అల్లుడు.

"వాడు దానికి ఆనుకుని ఉన్నాడు! మెడ విరుగుతుంది! వద్దు!" అని అడ్డం పడింది తల్లి.

"అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నా," అంది కూతురు.

"హోంకి పంపించేస్తావు, నాకు తెలుసు!"

"ఆసుపత్రికే! ముందు బతకనియ్యి వాణ్ణి, తర్వాత ఎక్కడుండాలో కొట్టుకుందాం!"

తల్లి వసారాలోకి పరుగెత్తింది. కొడుకు గది కిటికీ అటే. చువ్వల్లోంచి చూస్తే అతని నుదురంతా చెమట, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చేతివేళ్ళు ఒళ్ళో వణుకుతున్నాయి. ఆవిడ గ్లాసునిండా పంచదార నీళ్ళు కలిపి తెచ్చి, చువ్వల మధ్య నుంచి చెయ్యి చాపింది.

"అందులో ఏముంది?"

"పంచదార నాన్నా, వట్టి పంచదారే."

"ఒట్టెయ్యి."

నోటి చివరిదాకా వచ్చింది. అన్నాళ్ళుగా అలవాటైన మాట, కాస్త పెదవి కదిపితే చాలు. కానీ అతను వంకర మెడతో, ఒక కన్నుతో తనకేసి చూస్తున్నాడు.

"వెయ్యను," అంది. "వేసినవన్నీ దొంగ ఒట్లే."

"మరెలా తాగను?"

అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఎలా తాగుతాడు? తనైనా తాగుతుందా? గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే చాపి ఉంచి, ఆవిడ మొట్టమొదటిసారి జరగబోయే ఘోరాన్ని కాకుండా ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. వీడికి కావాల్సింది తన చెయ్యి పడనిది. ఎవరి చెయ్యీ పడనిది.

"పెద్దదానా!" అని అరిచింది లోపలికి. ఈసారి మధ్యలో ఎవరూ లేరు. "మూత తియ్యని పళ్ళరసం సీసా! చక్కెర ఉన్నది! కొట్టుకి పరుగెత్తు! తొక్క వొలవని అరటిపళ్ళు కూడా!"

కూతురు ఎందుకని అడగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా, సందు చివరనున్న కొట్టుకి జుట్టు విరబోసుకుని పరుగెత్తింది. సీసా తెచ్చి తల్లి చేతికివ్వబోతే, "నాకివ్వకు, నువ్వూ ముట్టుకోకు, సంచీతోనే పెట్టు" అంది ఆవిడ. సంచీ కిటికీలో పెట్టి ఇద్దరూ వెనక్కి జరిగారు.

చిన్నోడు పాకుతూ వచ్చాడు. సీసాని వెలుతురుకి పెట్టి, తిప్పి, అడుగు చూశాడు. మూత చుట్టూ ఉన్న ప్లాస్టిక్కుని గోరుతో గీరాడు. ఆ కాసేపు తల్లికి ఒక జన్మ గడిచినట్టుంది. మూత తిరిగి, పట్టీ టిక్కుమని తెగింది. ఆ చప్పుడు విన్నాకే తాగాడు. సగం మెడ మీంచి కారిపోయింది, సగం లోపలికి పోయింది. తర్వాత అరటిపండు. అది తినేసరికి అంబులెన్సు వచ్చింది.

ఆసుపత్రిలో వేసిన ఇంజెక్షన్‌తో మెడ దానంతటదే సర్దుకుంది. డాక్టరమ్మ తల్లినీ కూతుర్నీ ఎదురుగా నిలబెట్టి కడిగేసింది.

"మాత్రలు వేరే, చుక్కలు వేరేనా? రెండూ ఒకటే మందు! రెట్టింపు, పైగా ఇంకో సగం! మీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా, లేక వేరువేరు దేశాల్లోనా?"

"ఆవిడ మాట్లాడదండీ," అంది కూతురు.

"అదే మాట్లాడదు," అంది తల్లి.

"బయటికి నడవండి ఇద్దరూ. అతనితో మాట్లాడాలి నేను."

"వాడొక్కడితోనా? వాడికేం తెలుసు డాక్టరమ్మా..."

"మీకంటే ముందు తెలిసింది అతనికే కదా."

తలుపు సరిగ్గా పడలేదు. వరండాలో నిలబడి తల్లి ప్రతి ముక్కా విన్నది, హోం అన్న మాట కోసం ఎదురుచూస్తూ. ఆ మాట డాక్టరమ్మ నోటి నుంచే వచ్చింది. వెళ్తావా అని అడిగింది.

"వెళ్ళను," అన్నాడు చిన్నోడు. "నా గది నాకుంది. కానీ వాళ్ళ చేత్తో కలిపింది, వండింది తినను. మాత్రలు అసలే వద్దు."

"నెలకోసారి ఇంజెక్షన్ ఉంది. నర్సు వేస్తుంది, నీ కళ్ళ ముందే మందు తీసి."

"వేయించుకుంటా. ఆవిడ నా తల్లి కాదుగా. నమ్మొచ్చు."

కూతురు తల్లి వైపు చూసింది. ఎగతాళిగా ఏదో అంటుందనుకుని ఆవిడ ఒంటికాలి మీద లేవడానికి సిద్ధపడింది. కూతురేమీ అనలేదు. అదే ఎక్కువ మండింది.

ఇంటికొచ్చాక చిన్నోడు తన ఉద్యోగం మానేశాడు. తల్లి అలవాటుకొద్దీ, "మీ అక్కతో చెప్పు" అనబోతే, "నేను చెప్పను. మీరే తిట్టుకోండి" అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరూ నేరుగానే తిట్టుకుంటున్నారు. వీధి చివరిదాకా వినిపిస్తోందని అల్లుడు గోల. కానీ సూది వేసింది ఎవరు, ఎప్పుడు, వాడు తిన్నాడా లేదా అన్నది మాత్రం ఆ తిట్ల మధ్యలోనే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

చిన్నోడు ఇప్పుడు మూత తియ్యని సీసాలు, కట్టు విప్పని రొట్టె, తొక్కతో ఉన్న పళ్ళు, పెంకుతో ఉడికించిన గుడ్లు, ఇవే తింటాడు. అన్నం తనే వండుకుంటాడు, మాడ్చుకుంటాడు. ఇలా తింటే షుగరు ఏమైపోతుందోనని తల్లికి దిగులు. దిగులు పడటం తప్ప ఆవిడ చేతికి ఆ ఇంట్లో పనే లేకుండా పోయింది. గుడ్లు ఉడికించి, గిన్నెతో సహా బల్ల మీద పెట్టి, దూరంగా నిలబడుతుంది. అతను ఒక్కొక్కటే తిప్పి చూసుకుని, పెంకు తనే వొలుచుకుంటాడు.

ఒక పొద్దున ఒక గుడ్డు ఉడుకులో చిట్లింది. సన్నటి గీత, అంతే, కొంచెం తెల్లసొన నురగలా బయటికొచ్చింది. ఆవిడ దాన్ని చప్పున తీసి చీరకొంగు కింద పెట్టేసుకుంది.

"ఏమిటది?" అన్నాడు చిన్నోడు గుమ్మంలోంచి.

"ఏం లే..." అని ఆగి, కొంగు తీసి చూపించింది. "చిట్లింది. మంట ఎక్కువైంది. నేనేం చెయ్యలేదు."

అతను దగ్గరికొచ్చి గీత మీద వేలు పెట్టి రాశాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వు తిను," అన్నాడు.

ఆవిడ అక్కడే నిలబడి, పెంకు వొలిచి, ఉప్పైనా లేకుండా తినేసింది. గొంతులో అడ్డం పడింది. మింగేదాకా అతను కళ్ళు తిప్పలేదు. మింగాక కూడా కాసేపు చూశాడు, ఏమైనా అవుతుందేమోనని.

"ఇంకోటి పెట్టు," అన్నాడు. "నేను ఇక్కడే ఉంటా."

ఆవిడ గిన్నెలో నీళ్ళు పోసి, గుడ్డు మెల్లగా దింపి, మంట తగ్గించింది. అతను కుర్చీ లాక్కుని పొయ్యి పక్కనే కూర్చున్నాడు, కళ్ళు ఆవిడ చేతుల మీదే పెట్టి.